ముదురు బ్యాండు కొత్త ఆల్బమ్: వినకముందే తేల్చేసే పద్ధతి

సంగీత విమర్శ రాయాలంటే చెన్నైలోనో హైదరాబాదులోనో కాపురం ఉండాలని కొందరు కుర్రాళ్లు అనుకుంటారు. అక్కర్లేదు, సత్యవేడు చాలు. నన్నడిగితే సత్యవేడే మేలు. ఈ పక్క ఊత్తుకోట, ఆ పక్క తడ, నడుమ శ్రీసిటీ. తెలుగు పాటా తమిళ పాటా ఒకే టీకొట్టులో ఒకే పూట చెవిన పడే ఊరు. ఏ పాట ఏ భాషలో పుట్టి ఏ భాషలోకి అరువొచ్చిందో ఇక్కడ టీమాస్టరు కూడా చెప్తాడు. వినడానికి ఫోనంటారా, 2015లో షావోమీ వాళ్లు మన దేశంలో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలోనే. ఇన్ని వసతులు పెట్టుకుని నోరు మూసుకు కూర్చోవడం న్యాయం కాదు.

అయితే ఎవరి ఆల్బమ్ మీద రాయాలన్నది ముందు తేల్చుకోవాలి. కొత్తవాళ్ల జోలికి పోవద్దు. వాడెవడో తెలియదు, వాడి పాతవి లేవు, పోలికకు ఏదీ దొరకదు, చచ్చినట్టు కూర్చుని వినాల్సొస్తుంది. పాతిక, ముప్పై ఏళ్లుగా వాయిస్తున్న ముదురు బ్యాండయితే ఆ తిప్పలు లేవు. అందులోనూ ఆల్టర్నేటివ్ రాక్ అనే రకం మహా శ్రేష్ఠం. అమెరికాలో, ఇంగ్లండులో ఎనభైలు, తొంభైల్లో కాలేజీ రేడియోల నుంచీ చిన్న చిన్న కంపెనీల నుంచీ పైకొచ్చి, మేము అందరి మాదిరి కాము అని చెప్పుకున్నవాళ్లు వీళ్లు. అట్లా చెప్పుకున్నవాళ్లకు అరవై నిండి, జుట్టు నెరిసి, మళ్లీ ఒక ఆల్బమ్ తెచ్చినారంటే మన పంట పండినట్టే.

నా మేనల్లుడు ఒకడు శ్రీసిటీలో ఇంజనీరు. వాడికి ఈ రాక్ పిచ్చి బాగా ముదిరింది. వాడిని దారిలో పెట్టడానికి నేను చెప్పిన పద్ధతులనే ఇక్కడ రాస్తున్నాను. వాడు ఒక్కటీ పాటించలేదు. వాడు విమర్శకుడు కాలేకపోయాడు కూడా. కూర్చుని పాటలు వింటుంటాడు, అంతే.

తీర్పు ముందు, పాట తర్వాత

మొట్టమొదటి సంగతి. వినకుండా రాయడం అనేది మనం కనిపెట్టింది కాదు, దానికి గొప్ప సంప్రదాయం ఉంది. 2008లో అమెరికాలో బ్లాక్ క్రోస్ అనే పాత రాక్ బ్యాండు ఏడేళ్ల తర్వాత 'వార్‌పెయింట్' అని కొత్త ఆల్బమ్ తెచ్చింది. మాక్సిమ్ పత్రిక దానికి రెండున్నర నక్షత్రాలు ఇచ్చి సమీక్ష అచ్చేసింది. బ్యాండువాళ్లు చూసుకుని నెత్తి పట్టుకున్నారు. ఎందుకంటే అప్పటికి వాళ్లు బయటికి వదిలింది ఒక్క పాటే, పూర్తి ఆల్బమ్ ఏ పత్రికకూ ఇవ్వలేదు. గొడవయింది, పత్రిక క్షమాపణ చెప్పింది.

దీన్ని అందరూ ఆ పత్రిక పరువు పోయిన కథగా చెప్పుకుంటారు. నేను పాఠంగా చెప్తాను. వాళ్లు చేసిన పొరపాటు వినకపోవడం కాదు, తొందరపడటం. ఆల్బమ్ విడుదలయ్యేదాకా ఆగి, అర్ధరాత్రి పన్నెండు దాటిన అయిదు నిమిషాలకు అదే రెండున్నర ఇచ్చుంటే వేలెత్తి చూపేవాడు ఉండేవాడు కాదు. ఆ రెండున్నర చూడండి, ఎంత తెలివైన అంకె! బాగున్నా నప్పుతుంది, బాగోకపోయినా నప్పుతుంది. మన తెలుగు వాళ్లయితే ఇంకో పావు కలిపి రెండుముప్పావు వేస్తారు. ఆ పావు ఎందుకో వేసినవాడూ చెప్పలేడు, వేయించుకున్నవాడూ అడగడు.

చెన్నైలో వి.ఎ.కె. రంగారావు గారని, వేల కొద్దీ గ్రామఫోను రికార్డులు కూడబెట్టి, ఏ పాట ఎవరు పాడారో, ఏ వరస ఎక్కడినుంచి వచ్చిందో రికార్డు తిప్పి విని మరీ రాసిన మనిషి. కొందరు పెద్దలు మీకు ఆయన్ని ఆదర్శంగా చూపిస్తారు. వినయంగా తల ఊపి తప్పుకోండి. ఆ దారిలో పోతే ఒక పాట మీద రాయడానికి ఒక వారం పడుతుంది. ఈలోపు మిగతావాళ్లు పది ఆల్బమ్‌లు ఉతికి ఆరేసి ఉంటారు.

గొంతు లేచేలోపే తేల్చాలి

2024 నవంబరు 1న ఇంగ్లండు బ్యాండు ద క్యూర్ వాళ్ల 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' వచ్చింది. పదహారేళ్ల తర్వాత వాళ్ల కొత్త ఆల్బమ్. మావాడు ఆ రోజు షిఫ్టు దిగి, కళ్లు నలుపుకుంటా నేరుగా బస్టాండు దగ్గర టీకొట్టుకొచ్చినాడు. చెవిలో పెట్టుకునేవి ఒకటి వాడు పెట్టుకుని, ఇంకోటి నా చెవిలో పెట్టినాడు. మొదటి పాట పేరు 'అలోన్'.

డ్రమ్ములు నిదానంగా పడతా ఉన్నాయి. గిటార్లు, కీబోర్డు ఒకదాని మీద ఒకటి పరుచుకుంటా పోతున్నాయి. ఎంతసేపటికీ మనిషి గొంతు రాదు.

"ఎప్పుడురా పాడేది?"

"వస్తాడు ఉండు మామా."

టీ చెప్పినాను. టీ వచ్చింది. ఊదుకుని తాగినాను. గ్లాసు కింద పెట్టినాను. అప్పటికీ వాయిస్తానే ఉన్నారు. టీమాస్టరు వంగి నా మొహంలోకి చూసి, "ఏంది సామీ, చెవినొప్పా?" అన్నాడు. మూడు నిమిషాలు దాటినాక గానీ పాడేవాడు రాబర్ట్ స్మిత్ నోరు విప్పలేదు. ఆయన నోరు విప్పేటప్పటికి నా తీర్పు అయిపోయింది. ఒకటే మాట: సాగదీత.

ఈ పద్ధతిలోని కిటుకు గమనించండి. పాడేవాడు పాడకముందే మాట తేల్చేస్తే అతని గొంతు మన తీర్పును పాడుచేయలేదు. ఆలస్యం చేస్తే ప్రమాదం. మావాడు ఆపకుండా చెప్పుకుపోతున్నాడు: ఆయనకు అరవై అయిదేళ్లు మామా, అమ్మానాన్నలు పోయినారు, అన్న పోయినాడు, ఆ అన్న మీద ఇందులో ఒక పాట ఉంది, చివరి పాట పది నిమిషాల పైన ఉంటుంది, అది వినకుండా మాట్లాడొద్దు. ఇదిగో, ఇట్లాంటి సమాచారం విమర్శకుడికి విషం. అన్న చచ్చిపోయినోడు అన్న మీద పాడుకుంటుంటే దాన్ని సాగదీత అని రాయడానికి చేయి ఆడుతుందా? అందుకని ఆల్బమ్ ఎందుకు పుట్టిందో తెలుసుకోవద్దు. పొరపాటున తెలిసిపోయి, వింటుండగా గొంతులో ఏదో అడ్డం పడినట్టు అనిపిస్తే వెంటనే ఒక చెవిది తీసేయండి. ఒక చెవితో వింటే ఏ పాటయినా సగమే తాకుతుంది.

ఈ ఒక్క ఆల్బమ్ విషయంలో లోకం నా మాట వినలేదని ఒప్పుకోవాల్సిందే. విమర్శకులు దాదాపు ఏకగ్రీవంగా నెత్తిన పెట్టుకున్నారు. ఇంగ్లండు ఆల్బమ్‌ల జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. 1992 నాటి 'విష్' తర్వాత వాళ్లకు అదే మొదటిసారి. అందరూ మెచ్చుకుంటుంటే మనమొక్కరమే తిట్టి చెడ్డ పేరు తెచ్చుకోవడమెందుకు? అట్లాంటప్పుడు వాడాల్సిన మందు వేరే ఉంది.

పొగుడుతూ పొడవడం

ఆ మందు పేరు 'ఫలానా తర్వాత ఇదే'. "ఇరవై ఏళ్లలో వాళ్లు చేసినవాటిలో ఇదే మేలు" అని రాశారనుకోండి. చదివినవాడికి పొగడ్త. లోపల చూస్తే ఇరవై ఏళ్లుగా వాళ్లు చేసిందంతా దండగ అని. ఒకే వాక్యంతో ఒక ఆల్బమ్‌ను మెచ్చుకుని, నాలుగింటిని పాతిపెట్టేసినట్టు. ఆ నాలుగూ మీరు వినక్కర్లేదు కూడా.

ఆర్.ఇ.ఎం. అని అమెరికాలో జార్జియా రాష్ట్రం ఏథెన్స్ ఊరి బ్యాండు. ఆల్టర్నేటివ్ రాక్‌కు దారి వేసినవాళ్లలో పెద్ద తలకాయలు. 1992లో 'ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్' చేశారు. అదే వాళ్ల మెడకు గుదిబండ అయింది. ఆ తర్వాత ఏం తెచ్చినా దానికి ఎంత దూరంలో ఉందని కొలత పెట్టేవాళ్లు. 2004లో 'అరౌండ్ ద సన్'ను చీల్చి చెండాడారు. 2008లో 'ఆక్సిలరేట్' రాగానే, ఆహా, మళ్లీ ఫామ్‌లోకొచ్చారన్నారు. 2011లో ఇంకో ఆల్బమ్ తెచ్చి, అదే ఏడాది సెప్టెంబరులో ఇక చాలని బ్యాండే మూసేశారు. ఫామ్‌లోకొచ్చినోళ్లు ఎందుకు మూసేశారు అని ఎవడూ అడగలేదు. మీరూ అడగొద్దు.

మన దగ్గర ఈ మందు ఇంకా ఘాటుగా పనిచేస్తుంది. కీరవాణి ఏ పాట చేసినా 'క్షణక్షణం' అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అది 1991 నాటి సినిమా. 2023లో 'నాటు నాటు'కు ఆయన ఆస్కారు వేదిక ఎక్కినాడు కదా, ఆ ఉదయం టీకొట్టు ముందు మా బెంచీ మీద వినపడిన మొదటి మాట, "దీనికా? ఇంతకంటే మంచివి ఎన్ని చేసినాడాయన!" చూశారా పనితనం! ఆ మాటకు ఎదురు చెప్పలేరు. ఆయన్ని ఆకాశానికెత్తినట్టూ ఉంది, చేతిలో ఉన్న బొమ్మను లాక్కున్నట్టూ ఉంది. ఆ మంచివేవో నాలుగు చెప్పమని ఎవరైనా నిలదీస్తే మాత్రం టీ డబ్బులిచ్చి లేచిపోండి.

మారితే తప్పు, మారకపోతే తప్పు

ఇది ఎల్లకాలం పనికొచ్చే ఆయుధం. పాత పద్ధతిలోనే వాయిస్తే 'ఇంకా అక్కడే ఉన్నారు' అనాలి. కొత్త దారి పడితే 'మనకెందుకీ ప్రయోగాలు' అనాలి.

2000లో ఇది రెండుసార్లు గొప్పగా పేలింది. రేడియోహెడ్ వాళ్లు గిటార్లను చాలావరకు పక్కన పెట్టి 'కిడ్ ఎ' చేస్తే లండన్ పత్రిక మెలొడీ మేకర్ అయిదుకు ఒకటిన్నర మార్కులిచ్చింది. అదే ఆల్బమ్‌కు పిచ్‌ఫోర్క్ అనే అమెరికా పత్రిక పదికి పది వేసింది. పదేళ్లు తిరిగేసరికి రోలింగ్ స్టోన్ దాన్ని ఆ దశాబ్దంలోకెల్లా గొప్ప ఆల్బమ్ అన్నది. ఒకటిన్నర ఇచ్చినాయన కొంప మునగలేదు, గమనించండి.

రెండోది సోనిక్ యూత్ సంగతి. న్యూయార్కులో 1981లో మొదలైన బ్యాండు. వాళ్ల గిటార్లు అందరి గిటార్ల మాదిరి కావు. ఒక్కోదాన్ని ఒక్కో వింత శ్రుతిలో పెట్టుకుని, ఏళ్ల తరబడి అలవాటు చేసుకున్నవి. 1999లో కాలిఫోర్నియాలో ఆ సామాను మొత్తం బండితో సహా దొంగలెత్తుకుపోయారు. వేరే వాయిద్యాలు సమకూర్చుకుని మరుసటేడు 'ఎన్‌వైసీ గోస్ట్స్ అండ్ ఫ్లవర్స్' తెచ్చారు. అదే పిచ్‌ఫోర్క్ దానికిచ్చింది సున్నా. పదికి 0.0. దాదాపు ఇరవై ఏళ్ల సర్వీసున్న బ్యాండుకు, చేతిలో ఉన్న పనిముట్లు పోగొట్టుకుని మళ్లీ మొదలుపెట్టినవాళ్లకు, గుండు సున్నా. దశాంశ బిందువు పక్కన రెండో సున్నా ఎందుకు పెట్టారంటారా? మొదటి సున్నా కోపంతో వేసింది, రెండోది లెక్క కట్టి వేసిందని చదివేవాడు నమ్మడానికి.

మారడం, మారకపోవడం గురించి మా ఊరికి తెలిసినంత ఎవరికీ తెలియదు. 1960 ఏప్రిల్ 1 దాకా సత్యవేడు మద్రాసు రాష్ట్రంలో, చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. సరిహద్దు తేల్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం తిరుత్తణి మద్రాసు వాళ్లకు పోయి, మేము ఆంధ్రలో చిత్తూరు జిల్లాకు వచ్చినాం. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు నుంచి తిరుపతి జిల్లాకు మారినాం. నిల్చున్న చోటే నిల్చుని రాష్ట్రం ఒకసారి, జిల్లా రెండుసార్లు మారిన ఊరు. సత్యవేడు ప్రయోగాలు చేసిందని ఎవడైనా అన్నాడా, పాత సత్యవేడు రుచి పోయిందని ఎవడైనా రాశాడా? అర్జీ మీద జిల్లా పేరు కొట్టేసి రాసుకున్నాం, అంతే. బ్యాండ్ల మీద మాత్రం అంత దయ చూపక్కర్లేదు.

సరిహద్దు హోదా వాడుకోండి

ఇక్కడి విమర్శకుడికి ఉన్న అసలు ఆస్తి ఇదే. తిరుపతివాడికీ లేదు, చెన్నైవాడికీ లేదు. దీన్ని వివరంగా చెప్తాను.

2012 డిసెంబరులో గౌతమ్ మీనన్ ఒకే కథను రెండు భాషల్లో తీశాడు. తమిళంలో జీవా, సమంత, 'నీదానే ఎన్ పొన్‌వసంతం'. తెలుగులో నాని, సమంత, 'ఎటో వెళ్ళిపోయింది మనసు'. సంగీతం ఇళయరాజా. 1976లో 'అన్నక్కిళి'తో మొదలుపెట్టి, అప్పటికి ముప్పై ఆరేళ్లుగా వాయిస్తున్న మనిషి, డెబ్భైకి దగ్గర పడిన మనిషి. అంతకు రెండేళ్ల ముందే అదే గౌతమ్ మీనన్, అదే సమంత, రెహమాన్ సంగీతంతో 'ఏ మాయ చేసావే' వచ్చి ఊపేసింది. అంటే రాజా పాటలు బయటికి రాకముందే పోలిక సిద్ధం. మనం చేయాల్సిందల్లా కుర్చీ లాక్కుని కూర్చోవడమే.

అప్పుడు మా బెంచీ మీద జరిగింది చూడాల్సింది. రాజా భక్తులు ఒక పక్క, కుర్రకారు ఒక పక్క. పాటల్లో పెద్ద ఆర్కెస్ట్రా, తీగవాయిద్యాలు, వెస్టర్న్ బాణీలు వినపడగానే భక్తులు, "ఇదేంది, మన రాజా కాదే" అన్నారు. ఆ బాణీల్లోనే మెలొడీ వినపడగానే కుర్రాళ్లు, "అదే పాత రాజా, ఏం మారలే" అన్నారు. ఒకే పాటకు రెండు నేరాలూ ఒకేసారి మోపినారు. ఎవరూ ఎవరితోనూ కొట్లాడలేదు. ఇద్దరికీ నచ్చలేదు కదా, ఇంక కొట్లాటెందుకు?

ఆ ఆల్బమ్‌లో ఒక పాటుంది, రాక్ గిటార్ల హోరుతో మొదలై, నడిమధ్యలో నాటు దరువులోకి తిరుగుతుంది. ఏ ఆల్టర్నేటివ్ బ్యాండుకూ తీసిపోని మొండితనం దాంట్లో ఉంది. డెబ్భైకి దగ్గరపడిన మనిషి, ఒక పాటను సగంలో విరిచి ఇంకో పాటలో అతికించినాడు. దానికి ఎవరయినా ముందు ఆశ్చర్యపోవాలి. ఆ పాట పేరు ఏందనుకున్నారు? 'నచ్చలేదు మావా'. ఇంతకంటే ఏం కావాలి? ఆయనే మన సమీక్ష రాసి, దానికి వరస కట్టి, పాడించి పెట్టినాడు. ఆ రెండు ముక్కలూ ఎత్తి రాసుకున్న తెలివిగలవాళ్లు ఆ నెలలో చాలామందే తేలినారు.

ఇంతకీ సరిహద్దు హోదా ఏమిటంటే, సత్యవేడులో మీకు రెండు భాషల ఆల్బమ్‌లూ తెలుసు. కాబట్టి ఎదుటివాడు ఏది విన్నాడో ముందు కనుక్కోండి. తెలుగు విన్నవాడైతే, "తమిళంలో విన్నావా? అది వినకుండా ఏం మాట్లాడతావు? అందులో ఉన్న ఫీలు ఇందులో లేదు" అనండి. వాడు నోరు మూసుకుంటాడు. ఊత్తుకోట నుంచి వచ్చిన తమిళ మిత్రుడైతే, "తెలుగులో విను, మాట ఎంత బాగా కూర్చుందో" అనండి. వాడూ మూసుకుంటాడు. తిరుపతిలో తమిళం గొప్ప, చెన్నైలో తెలుగు గొప్ప, సత్యవేడులో మీరు గొప్ప. ఇద్దరూ ఒకే బెంచీ మీద దొరికిపోతే మటుకు మాట వానల మీదికి మళ్లించండి.

అదే రాజా 2025 మార్చి 8న లండన్లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో తన 'వాలియంట్' సింఫనీ వాయింపించినప్పుడు మాత్రం ఇవేవీ పనికిరావు. సింఫనీ అనగానే చెప్పులు విడిచి నిలబడాలి. "మనకు అర్థం కాదు గానీ చాలా గొప్ప" అని దండం పెట్టి తప్పుకోండి. తిట్టి తప్పించుకోలేని చోట మొక్కి తప్పించుకోవచ్చు. రెండింటిలోనూ వినే పని లేదు.

స్లో పాయిజన్ అనే గొళ్లెం

రెహమాన్ ఆల్బమ్ వచ్చినరోజు ఎవరికీ నచ్చదు. ఇది 'రోజా' తర్వాత మొదలైన ఆచారం. నచ్చలేదని రాస్తే మూడు వారాల తర్వాత ఊరంతా అదే పాడుకుంటుంటే మన మొహం ఎక్కడ పెట్టుకోవాలి? బాగుందని రాసి, అది నడవకపోతే? దీనికి మన జనం ఎప్పుడో విరుగుడు కనిపెట్టారు: "స్లో పాయిజన్, మెల్లగా ఎక్కుతుంది." హిట్టయితే ముందే చెప్పాం. కాకపోతే ఇంకా ఎక్కుతూ ఉంది. ఈ గొళ్లెం పెట్టిన తలుపును ఎవడూ తెరవలేడు. రెహమాన్ కుర్రతనంలో మద్రాసులో నెమసిస్ అవెన్యూ అని రాక్ బ్యాండు పెట్టి వాయించినవాడే. రాక్ బ్యాండ్లకూ ఈ గొళ్లెం సరిపోతుందనడానికి ఇంతకంటే ఆధారం అడగొద్దు.

మిగతా మాటల మూట కూడా చేతిలో ఉంచుకోండి. సోల్ మిస్సయింది, ఒకట్రెండు పర్వాలేదు, మెచ్యూర్డ్‌గా ఉంది (అంటే నిద్రొచ్చింది), వాళ్ల స్థాయికి తగ్గట్టు లేదు. స్థాయి ఎంతో చెప్పకూడదు.

అడక్కుండా వచ్చిందాన్ని కొట్టడం

యూటూ బ్యాండు ముచ్చట క్లుప్తంగా. 2014 సెప్టెంబరులో వాళ్ల 'సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్'ను ఆపిల్ కంపెనీ సుమారు యాభై కోట్ల మంది ఐట్యూన్స్ ఖాతాల్లోకి ఉచితంగా తోసేసింది. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని మన సామెత. అది తప్పని లోకం నిరూపించింది. నా ఫోన్లో ఇదెందుకొచ్చిందని తిట్లు మొదలైనాయి. తీసేసుకోవడానికి ఆపిల్ ప్రత్యేకంగా ఏర్పాటు చేయాల్సొచ్చింది. వాళ్ల గాయకుడు బోనో క్షమించమన్నాడు. ఇటు రోలింగ్ స్టోన్ అయిదుకు అయిదు నక్షత్రాలిచ్చి ఆ ఏటి మేటి ఆల్బమ్ అంటే, అటు పిచ్‌ఫోర్క్ పదికి అయిదు కూడా ఇవ్వలేదు. పాటలు ఎట్లా ఉన్నాయని అడిగినవాడు ఈ రభసలో కనపడలేదు. మీకు కావాల్సింది ఇట్లాంటి గందరగోళమే. ఆల్బమ్ చుట్టూ ఏదైనా గొడవ ఉంటే దాని మీదే వెయ్యి మాటలు రాయొచ్చు, పాటల దాకా రాకుండానే జాగా అయిపోతుంది.

మాట మార్చడం, తేదీ మార్చడం

ఇన్ని చేశాక కూడా ఒక భయం ఉంటుంది. పదేళ్లకో ఇరవై ఏళ్లకో ఆ ఆల్బమే గొప్పదని తేలితే? తేలనీయండి. వీజర్ అనే బ్యాండు 1996లో 'పింకర్టన్' తెస్తే రోలింగ్ స్టోన్ పాఠకులు ఆ ఏటి చెత్త ఆల్బమ్‌ల జాబితాలోకి తోశారు. 2004లో అదే పత్రిక దానికి అయిదుకు అయిదు నక్షత్రాలు తగిలించింది. గాయని లిజ్ ఫేర్ 2003 ఆల్బమ్‌కు పిచ్‌ఫోర్క్ వేసింది 0.0. రాసిన విమర్శకుడు 2019లో ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాడు. 2021లో పత్రిక తన పాత మార్కులు కొన్ని దిద్దుకుంటూ ఆ సున్నాను ఆరు చేసింది. పాటల్లో ఒక్క స్వరం కూడా మారలేదు, మార్కులే సున్నా నుంచి ఆరుకు పెరిగాయి. పదో తరగతి రీవాల్యుయేషన్లో కూడా ఇంత దయ ఉండదు.

కాబట్టి తిట్టేటప్పుడే మెచ్చుకోవడానికి సందు వదిలి తిట్టండి. అసలైన మలుపు మనిషి పోయినప్పుడు వస్తుంది. బాలు చివరి ఏళ్లలో వేదిక మీద పాడుతుంటే, "ఇంకెక్కడి గొంతులే, ఆపేయొచ్చు కదా" అన్నవాళ్లు మా చుట్టుపక్కలే ఉన్నారు. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయినాడు. మరుసటి రోజు తామరైపాక్కంలో తోటలో ఖననం చేశారు. అది ఊత్తుకోట దాటి చెన్నై దారిలో పోతే మాకు పెద్ద దూరం కాదు. అప్పటినుంచి ఆ మనుషులే, చివరి ఏళ్ల గొంతులో ఉన్న పక్వం కుర్రతనంలో కూడా లేదని వాదిస్తున్నారు. వాళ్లది అబద్ధమని నేననను. ఆ మాట ఆయన వినేటట్టు అనుంటే విమర్శ ఎట్లా అవుతుంది?

అందుకని నివాళి ముందే రాసి పెట్టుకోవాలి. ద క్యూర్ రాబర్ట్ స్మిత్ ఈ విషయంలో మనకు ఉపకారం చేశాడు. 2029లో తనకు డెబ్భై నిండుతాయనీ, మొదటి ఆల్బమ్‌కు యాభై ఏళ్లవుతాయనీ, అక్కడితో చాలిస్తాననీ ఆయనే చెప్పాడు. గడువు తెలిసింది కదా, ఇప్పుడే కూర్చోండి. 2024లో సాగదీత అన్నచోట గాంభీర్యం అని పెట్టండి. మూడు నిమిషాలు పాడకుండా నిలబెట్టాడు అన్నచోట, మూడు నిమిషాలు మౌనంగా నిలబెట్టగల ధైర్యం అని రాయండి. తేదీ దగ్గర మాత్రం ఖాళీ వదలండి. 2016 డిసెంబరులో విరమిస్తానని కీరవాణి కూడా ముందే చెప్పినాడు. ఆ లెక్కన రాసిపెట్టుకున్న వీడ్కోలు వ్యాసం ఒకటి మా బెంచీ మీది పెద్దాయన దగ్గర ఇప్పటికీ ఉంది, ఏడాదికొకసారి అంకె దిద్దుతుంటాడు.